పున్నయ్య గారి లైను

రౌటర్ పెట్టడానికి ముహూర్తం చూసే మనుషులు ఉన్నారంటే హైదరాబాద్‌లో మా ఆఫీసు వాళ్ళు నవ్వారు. నవ్వండి, మీకేం! ఆ రోజు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, వర్జ్యం వెళ్ళేదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నది నేను.

గుంటూరు మిర్చి యార్డు దాటి కాస్త ముందుకు పోతే పున్నయ్య అండ్ సన్స్ కోల్డ్ స్టోరేజీ వస్తుంది. పున్నయ్య గారు పోయిన వేసవిలో కాలం చేశారు. మిగిలిన సన్స్ ఇద్దరు. పెద్దవాడు శేషగిరికి యాభై దాటాయి. చిన్నవాడు ముకుంద్‌కి నలభై అయిదు ఉంటాయేమో. ఇద్దరికీ కలిపి ఒక మనిషికి సరిపోయేంత బుర్ర ఉందా అంటే, ఉందని నేను సంతకం పెట్టలేను.

వర్జ్యం వెళ్ళాక పెట్టె తెరిచారు. కొబ్బరికాయ కొట్టారు. రౌటర్ నెత్తిన పసుపు రాశారు. శేషగిరి గారు గుప్పెడు కుంకుమ తీసి సరిగ్గా జాలీ మీద చల్లారు.

"అయ్యయ్యో, అవి లోపలికి గాలి పోవడానికి పెట్టిన కన్నాలండీ!" అన్నాను.

"శుభమా అని బొట్టు పెడతంటే అయ్యయ్యో అంటావేందమ్మా?" అని ఆయన నా మీదే విసుక్కున్నారు.

తర్వాత వాస్తు. కరెంటుతో నడిచేదేదైనా ఆగ్నేయంలోనే ఉండాలట. వాళ్ళ ఆగ్నేయంలో ఉన్నది కాఫీలు కాచే గది. కోల్డ్ రూములు ఉన్నది నైరుతిలో. మధ్యలో మూరెడు మందం గోడలు. సిగ్నల్ అంత దూరం పోదండీ అని మొత్తుకుంటే, "కొన్నది మేమా, నువ్వా?" అన్నాడు ముకుంద్. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాడితో ఏం వాదిస్తాం? గ్యాస్ పొయ్యి పక్కన గోడకి రౌటర్ బిగించి, అక్కణ్నుంచి ఆవరణంతా కేబుళ్ళు లాగాను. లారీల గేటుకీ, కెమెరాలకీ, కంప్రెసర్లకీ, కాటా దగ్గర బల్లకీ, లారీల్ని కేకేసే మైకుకీ.

ఇంత బాధ ఎందుకు పడ్డానంటే అది మామూలు రౌటర్ కాదు. దాని పేరు నిరంతర. మామూలు రౌటర్లు మాటల్ని ఇక్కణ్నుంచి అక్కడికి మోస్తాయి, లైను తెగితే నోరు మూసుకుని కూర్చుంటాయి. మాది కూర్చోదు. అది ఏం చేస్తుందో చెబితే ఈ అన్నదమ్ములు నమ్మరని చేసి చూపించాను.

"శేషగిరి గారూ, మీ ఫోన్ ఆపండి" అన్నాను. ఆపారు. అంతలో కాటా దగ్గర నిలబడ్డ బ్రోకరు చేత ఆయనకి ఫోన్ చేయించాను. "శేషన్నా, తేజ రకం మిర్చి ఏ ధరకిస్తావు? ఇప్పుడే చెప్పాల, అవతల పార్టీ లైన్లో ఉన్నాడు" అన్నాడు బ్రోకరు. శేషగిరి గారు నా ఎదురుగా నోరు మూసుకునే ఉన్నారు. కానీ బ్రోకరు ఫోన్లోంచి శేషగిరి గారి గొంతు వచ్చింది. "చూద్దాంలే అన్నా. సాయంత్రం మాట్టాడదాం. ముందు టీ తాగు."

ముకుంద్ పగలబడి నవ్వాడు. "అచ్చం మా అన్నే! పనికొచ్చే మాట ఒక్కటి లేదు."

అదీ నిరంతర చేసే పని. ఎవరి లైను తెగితే వాళ్ళ కుర్చీలో అది కూర్చుంటుంది. వాళ్ళ గొంతుతో మాట్లాడుతుంది, వాళ్ళు తీసుకోబోయే నిర్ణయమే తీసుకుంటుంది, లైను రాగానే లేచిపోతుంది. అందుకు ముందుగా ఒక్కొక్కరి పాత మెసేజీలూ, రికార్డయిన కాల్సూ దాని నోట్లో పొయ్యాలి. అది నమిలి మనిషిని నేర్చుకుంటుంది. మనిషన్నవాడు తానేదో పెద్ద చిక్కుముడి అనుకుంటాడు గానీ, చాలామందిలో అంత సరుకు ఉండదు. శేషగిరి గారు గంటలో అయిపోయారు.

చివరి పని పేర్లు ఎక్కించడం. కంపెనీ భాగస్వాములందరికీ అడ్మిన్ హక్కులు కావాలన్నారు. "ముందు ఎవరి పేరు?" అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్నకి అన్నదమ్ములిద్దరూ కోడిపుంజుల్లా మెడలు నిక్కించారు. కాసేపటికి శేషగిరి గారు, "ఎందుకు గొడవ, నాన్న పేరు వెయ్యి. మా ఇంట్లో శుభలేఖ మీదైనా, బోర్డు మీదైనా నాన్న పేరే ముందు" అన్నారు.

"ఆయన లేరు కదండీ."

"లేరని ఎవరన్నారు? మా గుండెల్లో ఉన్నాడు."

"గుండెల్లో ఉన్నవాళ్ళకి యూజర్ ఐడీ అక్కర్లేదండీ" అన్నాను. ఇద్దరికీ కోపం వచ్చింది. పేరుతో పాటు ఫోన్ నంబర్ ఇవ్వకపోతే మిషన్ తీసుకోదంటే తండ్రి నంబరే ఇచ్చారు. ఆ ఫోను ఇంట్లో దేవుడి గదిలో ఉందట, ఆఫ్ చేసి, ఫోటో ముందు, గంధపు దండతో సహా. ఇది చాలదన్నట్టు ముకుంద్ ఆఫీసులోని పాత కంప్యూటర్‌లో ఉన్నదంతా ఏరకుండా ఎత్తి నిరంతరలో పోశాడు. అందులో పున్నయ్య గారి ఫోన్ కాల్స్ అన్నీ ఉన్నాయి. బ్రోకర్లు మాట మారుస్తారని ఆయన ఏళ్ళ తరబడి ప్రతి కాలూ రికార్డు చేసి దాచారు. మిషన్ వాటిని రెండు రోజులు నమిలింది. ఎందుకంత సేపు నములుతోందో చూద్దామని నాకూ తోచలేదు, బిల్లు మీద సంతకం పెట్టించుకునే తొందరలో ఉన్నాను.

"అమ్మ పేరు అడుగున వెయ్యి, పడుంటది" అన్నారు శేషగిరి గారు ఆఖర్న.

ఆ అమ్మ పేరు భ్రమరాంబ. కాటా పక్కన బల్ల దగ్గర కూర్చునేది ఆవిడే. మొగుడి కుర్చీ అన్నకి దక్కితే తమ్ముడు ఊరుకోడు, తమ్ముడికి దక్కితే అన్న ఊరుకోడు, అందుకని తల్లిని తెచ్చి కూర్చోబెట్టారు. యాభై అయిదేళ్ళ కాపురంలో మొగుడు ఆవిణ్ని ఈ గేటు దాటనివ్వలేదు. అలాంటిది వచ్చిన ఏడాదిలోనే మిరపకాయ తుంచి వాసన చూసి ఏ ఊరి సరుకో చెప్పేస్తోంది. రైతులు కొడుకుల్ని దాటుకుని ఆవిడ దగ్గరికే పోతున్నారు. కాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళు అంతకుముందు ఎండలో, ఘాటులో, నేల మీద కూర్చునేవారట. ఆవిడ వాళ్ళకొక రేకుల షెడ్డు వేయించి, ఫ్యాన్లు పెట్టించి, పక్కన ఒక బాత్‌రూము కట్టించింది.

నేను అక్కడ పనిచేసిన రోజుల్లో పనికొచ్చే ప్రశ్న అడిగింది ఆవిడ ఒక్కతే. "ఈ మిషన్ పెడితే మా ఆడాళ్ళ షెడ్డులో ఫోన్లు పలుకుతయ్యా తల్లీ? పిల్లల బడి నించి ఫోనొస్తే రోడ్డు మీదికి పరిగెత్తాల్సొస్తంది వాళ్ళకి" అంది. పలుకుతాయని చెప్పి, షెడ్డుకి వేరే కేబుల్ లాగి మరీ వచ్చాను.

*

తిరిగి హైదరాబాద్ వచ్చి కుదురుగా అన్నం తింటున్నానో లేదో శేషగిరి గారి ఫోను. "అమ్మా, అర్జెంటుగా రండి. నాన్న మాట్టాడతన్నాడు."

పట్టపగలే తాగాడేమో అనుకున్నాను. వెళ్ళాను. నేను ఆఫీసు గదిలో అడుగు పెట్టగానే లారీల్ని కేకేసే మైకులోంచి ఒక దగ్గు వినిపించింది. తర్వాత గొంతు. "ఒరే శేషూ, రెండో గేటు కాడ లారీని ఎండలో పెట్టి నువ్విక్కడ ఏం పొడుస్తున్నావురా, ఎద్దు మొహమా?"

యాభై ఏళ్ళ శేషగిరి గారు చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, మైకుకి ఎదురుగా నిలబడ్డారు. "వెళ్తన్నా నాన్నా" అని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటికి పోయారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను.

ఏం జరిగిందో అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. నిరంతరకి చావు తెలియదు. దానికి తెలిసింది ఒక్కటే, మొదటి పేరు వాళ్ళ లైను తెగి ఉంది. తెగితే కుర్చీలో కూర్చోవాలి. మైకు దాని చేతిలో ఉంది, కెమెరాలు దాని చేతిలో ఉన్నాయి, గేట్లు దాని చేతిలో ఉన్నాయి, పున్నయ్య గారి నోరు మొత్తం దాని కడుపులో ఉంది. ఇంకేం కావాలి? అన్నదమ్ములిద్దర్నీ కూర్చోబెట్టి ఇదంతా విడమరిచి చెప్పాను.

"మాట్లాడేది మీ నాన్న కాదండీ. ఆయనైతే ఏమంటారో మిషన్ లెక్కేసి అంటోంది, అంతే. ఆ పేరు తీసేస్తే సరి."

శేషగిరి గారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. "నా చేత్తో నా తండ్రి పేరు కొట్టెయ్యమంటావా? నీకు తండ్రి లేడా?"

"ఉన్నాడండీ. తెనాలిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు, నన్నింత తిట్టడు" అన్నాను.

ముకుంద్‌ది వేరే లెక్క. "నాన్న నిన్న పొద్దున ఆ బ్రోకరు గాడిని దుమ్ము దులిపి దారికి తెచ్చాడు మేడమ్. మా అన్నయ్య జన్మలో చెయ్యలేడా పని. ఉండనీయండి, మనకేం నష్టం?"

మా బాస్ వరప్రసాద్‌కి ఫోన్ చేశాను. నేను చెప్పేది విని భయపడతాడనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. "అద్భుతం రోహిణీ! అసలు లైను ఎప్పటికీ రాని కస్టమర్! శాశ్వత ప్యాకేజీ అని పెడదాం. దేశంలో ఎన్ని కుటుంబ కంపెనీలున్నాయో, ఎంతమంది వ్యవస్థాపకులు పోయారో ఆలోచించు!" చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మావాడు వాటిని చాటెడు చేసి అమ్ముదామన్నాడు.

పున్నయ్య గారు మాత్రం పనిలో పడ్డారు. కూలీలకి రెండో టీ ఆపేశారు. గుమస్తా మీసాలు బాగాలేవన్నారు. కెమెరాలో షెడ్డు కనపడగానే, "అదేంది? ఎవడు వెయ్యమన్నాడు? తొడిమలు తీసేదానికి ఫ్యానెందుకు, అదేమన్నా కలెక్టరా? పీకెయ్యండి" అన్నారు. కొడుకులు పీకించారు. బాత్‌రూముకి తాళం వేయించారు. ఇక ఆఖర్న కాటా దగ్గర కెమెరా తిరిగింది.

"ఏమేవ్, నువ్వేంది ఇక్కడ? మగాళ్ళ మధ్యన? ఇంటికి పో."

రైతులున్నారు, బ్రోకర్లున్నారు, కూలీలున్నారు. భ్రమరాంబ గారు లేచి, కళ్ళజోడు మడిచి, ఇంటికి వెళ్ళిపోయింది. కొడుకులిద్దరూ మైకు వైపే చూస్తూ నిలబడ్డారు.

*

లైను తిరిగొస్తే నిరంతర కుర్చీ దిగుతుంది. అంటే దేవుడి గదిలో ఉన్న ఆ ఫోన్ ఒక్కసారి ఆన్ చేస్తే చాలు. అది చేద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. భ్రమరాంబ గారు వంటింట్లో చింతపండు పిసుకుతోంది. సంగతి చెప్పాను.

"ఆ ఫోన్ ఇంట్లో లేదు తల్లీ. అది వెలిగిస్తే వాళ్ళ నాన్న పోతాడని ఎవరో చెప్పారంట, శేషు తీసుకుపోయి బ్యాంకు లాకర్లో పెట్టాడు" అంది.

తలకాయ ఉండాల్సిన చోట గుమ్మడికాయ ఉన్నా ఇంతకంటే నయంగా ఆలోచిస్తుంది. పైకి అన్నానేమో కూడా. ఆవిడ నవ్వింది. పీట వేసి, మజ్జిగ ఇచ్చి, నా ఎదురుగా కూర్చుంది.

"నీకొక మాట చెప్తా, ఎవరితో అనబాక. మొన్న ముకుంద్ ఈ ఇంటిక్కూడా ఆ లైను లాగిచ్చాడు. హాల్లో ఆ నల్ల డబ్బా ఉంది చూడు. మధ్యాన్నం నేను పడుకోనున్నా. అందులోంచి 'ఏమేవ్, మజ్జిగ' అని వినబడింది. లేచా. కవ్వం తీశా, చిలికా, ఉప్పేశా, కరేపాకు దూసేశా, గ్లాసు పట్టుకుని హాల్లోకొచ్చా. వచ్చాక ఆ డబ్బా ముందు నిలబడ్డా తల్లీ. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలీలా."

నా చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"సిగ్గేసింది" అంది ఆవిడ. "ఆయన పోయినప్పుడు ఏడ్చాను. అందరూ ఏడుస్తారుగా. కానీ నెల తిరిగాక ఒకరోజు ఆ కాటా కాడ కూర్చుని, నా కాయలు నేను చూసుకుంటా, నా మాట నేను చెప్తా ఉంటే, ఇదా బతకడమంటే అనిపించింది. డెబ్భయ్యేళ్ళొచ్చాక. మొగుడి మీద కోపం గాదు తల్లీ, నా కాళ్ళ మీద కోపం. ఆయన కేకేస్తే అడగాపెట్టకుండా లేస్తయ్యి. ఇంకొన్నాళ్ళు ఇట్టా పిలిపించుకున్నానంటే ఇంక ఆ గేటు దాటను, నాకు తెలుసు."

ఊళ్ళో అందర్నీ తిట్టగలను గానీ ఓదార్చడం రాదు నాకు. "రేపు మీరు మామూలుగా ఆఫీసుకి రండి. ఎవడేమంటాడో చూద్దాం" అన్నాను.

*

మర్నాడు గేటు తెరుచుకోలేదు.

మనిషి మొహం చూసి తెరుచుకునే గేటది, నేను బిగించిందే. భ్రమరాంబ గారు కెమెరా ముందు ఎన్నిసార్లు నిలబడ్డా ఎర్ర దీపమే వెలిగింది. లోపలున్న వాచ్‌మన్ చేతులు నలుపుకుంటూ, "అయ్యగారు మిమ్మల్ని రానీయొద్దన్నారమ్మా" అన్నాడు.

"ఏ అయ్యగారు?"

"పెద్దయ్యగారేనమ్మా" అన్నాడు వాడు, ఆకాశం వైపు చూసి.

తొడిమలు తీసే ఆడవాళ్ళు కూడా బయటే ఉన్నారు. షెడ్డు పీకేశాక ఎండలో కూర్చోమని చెబితే, మేం కూర్చోం అన్నారు. అందర్నీ బయటికి నెట్టారు. ఎదురుగా ఉన్న చెరుకురసం బండి నీడలో ముక్కులకి కొంగులు కట్టుకుని నిలబడ్డారు. నేను కూడా ఆ నీడలోకే దూరి, రెండు ఖాళీ గోనె బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. భ్రమరాంబ గారు అడ్మిన్. ఆవిడ వేలిముద్రతో రౌటర్ లోపలికి వెళ్ళి, మొదటి పేరు పక్కన 'తొలగించు' నొక్కాను.

తెర మీద మాట వచ్చింది. 'అడ్మిన్‌ను తొలగించాలంటే ఆ అడ్మిన్ అనుమతి కావాలి.'

ఒకళ్ళ చాటున ఒకళ్ళు పేర్లు తీసేసుకోకుండా మా వాళ్ళు పెట్టిన నిబంధన. మా వాళ్ళ తెలివికి కర్పూరం వెలిగించాలి. అదే చెప్పాను ఆవిడకి.

"అంటే ఆయన్ని పొమ్మని ఆయన్నే అడగాలా?"

"అంతేనండీ."

"అయితే కలుపు" అంది.

ల్యాప్‌టాప్‌లోంచి దగ్గు వచ్చింది. ఆవిడ లేవబోయి బస్తా పట్టుకుని కూర్చుంది.

"ఏమండీ, మీతో మాట్టాడాలి" అంది.

"నువ్వింకా రోడ్డు మీదే ఉన్నావా? పరువు తీయడానికి పుట్టావా? ఇంటికి పో."

"మీరు పోయారండీ."

"ఎక్కడికి పోయా?"

"చచ్చిపోయారు. పోయిన మేలో. ఛాతీలో నొప్పని అన్నారు, ఆస్పత్రికి పోయేలోపే అయిపోయింది. దినాలు కూడా చేశాం."

చెరుకురసం మిషన్ ఆగింది. ఆడవాళ్ళంతా దగ్గరికి వచ్చారు. ల్యాప్‌టాప్ ఒక నవ్వు నవ్వింది.

"పిచ్చి ముదిరింది నీకు. నేను పోతే ఈపాటికి కొంప కొల్లేరయ్యేది. ఈ కొడుకులకి లుంగీ కట్టుకోడం వచ్చా? నీకు లెక్క చూడడం వచ్చా? యాపారం నడుస్తంది గదా? నడుస్తందంటే నేనున్నట్టే. లైను బాగాలేక నువ్వేదేదో వింటున్నావు. పో."

అదీ పున్నయ్య గారి పాండిత్యం. తాను లేకపోతే సూర్యుడు కూడా సెలవు పెడతాడనుకునే మనిషికి తన చావు ఎలా నమ్మకం కుదురుతుంది? మిషన్ తప్పేం లేదు, బతికున్నా ఆయన ఇదే అనేవాడు.

భ్రమరాంబ గారు కళ్ళజోడు పెట్టుకుని తెర వైపు వంగింది. పేర్ల వరస కనపడింది. అన్నిటికంటే పైన పున్నయ్య, అన్నిటికంటే అడుగున తను.

"ఈ వరస మార్చాలన్నా ఆయన్నే అడగాలా?"

"అక్కర్లేదండీ. దానికి ఎవరి అనుమతీ పెట్టలేదు" అన్నాను. వరసదేముందిలే అనుకున్నారు మా వాళ్ళు. శుభలేఖలో పేరు కిందికి పోయిందని పెళ్ళి మానేసి వెళ్ళిపోయిన పెదనాన్నల్ని వాళ్ళెక్కడ చూశారు!

"నా పేరు ఎట్టా జరపాలి?"

"వేలితో పట్టుకుని పైకి లాగండి."

లాగింది. ముకుంద్‌ని దాటించింది, శేషగిరిని దాటించింది. పున్నయ్య పేరు దగ్గర వేలు ఆగింది. నావైపు చూసింది. ఒక్క తోపు తోసి పైన పెట్టేసింది.

వరస మారితే ఆ సంగతి అందరికీ తెలియజేస్తుంది నిరంతర. ల్యాప్‌టాప్‌లోంచి ఈసారి దగ్గు రాలేదు.

"నా పేరు మీద ఎవరిదది?"

"నాదేనండీ."

"ఎవడు పెట్టాడు?"

"నేనే పెట్టా."

"తియ్యి."

"తియ్యను."

"తియ్యవూ?"

"తియ్యనండీ. మీరు కింద ఉండండి. కాయలు నేను చూస్తా, మీరు నా కింద ఉండి లెక్కలు రాయండి. షెడ్డు మళ్ళీ వేయిస్తా. రేకులు గాదు, ఈసారి స్లాబే వేయిస్తా."

ఆడవాళ్ళలో ఒకామె కిసుక్కున నవ్వింది. ల్యాప్‌టాప్ నిండా పున్నయ్య గారి ఊపిరి. ఆవిడ నా చెవి దగ్గరికి వంగి, "ఇప్పుడు అలుగుతారు చూడు" అంది. "కూరలో ఉప్పు ఎక్కువైనా సరే, రేపల్లెలో చెల్లెలింటికి పోతానని లేచేవాడు. పోయేవాడు కూడా. మర్నాడు నేను పోయి కాళ్ళు పట్టుకుంటే గాని వచ్చేవాడు గాదు."

"పెళ్ళాం కింద పేరు పెట్టించుకుని బతికే ఎదవననుకున్నావా నన్ను?" అని అరిచింది గొంతు. "నీ యాపారం నువ్వే చేసుకో. నీ కొడుకుల్నీ నువ్వే ఏలుకో. నేను పోతన్నా. మళ్ళీ నువ్వొచ్చి కాళ్ళ మీద పడితే గాని ఈ గడప తొక్కను. పోతన్నా, వినబడిందా?"

"వినబడిందండీ" అంది ఆవిడ.

"పోతన్నా!"

"మంచిది."

ఎదురు చూసింది ఆ గొంతు. ఇంత పొడుగు జీవితంలో ఆ మాటకి ఆ జవాబు ఎన్నడూ విని ఉండదు. తర్వాత తెర మీద ఒక వరస వచ్చింది. 'పున్నయ్య తనంతట తాను తప్పుకున్నారు.'

"పోయారా?" అంది ఆవిడ.

"పోయారండీ."

"ఏడుపు రావట్లా తల్లీ. తప్పా? పోయినేడు ఏడ్చిందే అంతా. రెండోసారికి మిగల్లా." అలా అంటూనే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. రసం బండివాడు ఒక గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు. సగం తాగి, మిగతా సగం పక్కనున్న ఆమెకిచ్చి, నడుచుకుంటూ పోయి గేటు కెమెరా ముందు నిలబడింది. పచ్చ దీపం వెలిగింది.

గేటు ఇంకా పూర్తిగా జరగనే లేదు, లోపల్నుంచి సన్స్ ఇద్దరూ పరిగెత్తుకుంటూ వచ్చారు. మైకు ఉన్నట్టుండి మూగబోయిందని బెదిరిపోయారు. శేషగిరి గారు చెప్పులు లేకుండానే వచ్చేశారు.

"నాన్న ఏడే? ఏం చేశావే నాన్నని?" అన్నారు.

"అలిగిపోయాడు" అంది తల్లి.

ఇద్దరూ నావైపు తిరిగారు. తిరిగి రప్పించమన్నారు. తనంతట తాను పోయినవాళ్ళని వరసలో మొదటి పేరు వాళ్ళే పిలవాలని చెప్పాను.

"అయితే నా పేరు మొదట పెట్టు, నేను పిలుస్తా" అన్నాడు ముకుంద్.

"నాన్న మీద నీ పేరా? నేనుండగానా? చంపుతా" అన్నారు శేషగిరి గారు. పిలిచే లోపలే కొట్టుకునేలా ఉన్నారు. చివరికి ఇద్దరూ మళ్ళీ తల్లి దగ్గరికే వచ్చారు. శేషగిరి గారు నిజంగానే వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

"అమ్మా, నువ్వు బతిమాలితే వస్తాడే. ఎప్పుడూ నువ్వేగా పోయి తెచ్చేదానివి. ఒక్కసారి పిలువే. ఒక్క మెట్టు దిగితే నీ సొమ్మేం పోద్దే?"

భ్రమరాంబ గారు చీర కొంగుతో కొడుకు కళ్ళు తుడిచింది.

"పిలుస్తాలే. నీ కూతురు పెళ్ళి శుభలేఖ మీద ఆయన పేరు ముందు ఏమేయించావురా?"

శేషగిరి గారు తల దించుకున్నారు. "కీర్తిశేషులని."

"ఊరంతా పంచావుగా ఆ కార్డు. అదే మాట ఇందులో కూడా ఆయన పేరు ముందు రాయి. నీ చేత్తో. రాస్తే ఇప్పుడే పిలుస్తా. వస్తే కాళ్ళు కూడా పట్టుకుంటా."

నేను ల్యాప్‌టాప్ తెచ్చి వాళ్ళ ముందు పట్టుకున్నాను. శేషగిరి గారు వేలు చాచి, వెనక్కి లాక్కుని, తమ్ముణ్ని చూశారు. తమ్ముడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వెనకాల లారీవాడు హారన్ కొడుతున్నాడు, వీళ్ళిద్దరూ మాత్రం కదలడం లేదు.

"మీ వల్ల గాదులే" అంది ఆవిడ. "తప్పుకోండి. ఆడాళ్ళు లోపలికి రావాలి."

తప్పుకున్నారు.